బి.జి. ఉన్న గుర్రం

పోర్టు గుమాస్తా అచ్యుతరామయ్యకి కాగితం మీద ఉన్నదే నిజం. ఓడ కళ్లెదుట నిలబడి కూత పెట్టినా, ఫైల్లో లేకపోతే అది రానట్టే లెక్క.

1979లో వన్ టౌన్ షావుకారొకాయన మద్రాసు పందేలు మానుకుంటూ, రిటైరైన తన గుర్రం రాజహంసని మేపుకోమని, దాని వంశమూ గెలుపులూ రాసిన కాగితంతో సహా అచ్యుతరామయ్యకి అప్పగించాడు. రామయ్య పెందుర్తిలో తన ఇంటి వెనక పాక వేసి కట్టేశాడు.

రామయ్యకీ ఆయన భార్య కాంతానికీ పిల్లల్లేరు. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో ఆ మాటే ఎత్తరు. రాజహంసకైనా పిల్లలు పుట్టాలని ఆయనకి పట్టరాని ఆశ పుట్టింది. హైదరాబాదులో గుర్రాల్ని పెంచే ఫారానికి ఉత్తరం రాశాడు.

"ఏం రాశారేమిటి?" అంది కాంతం.

"సంబంధానికి రాసినట్టే రాశాను. మన రాజహంస రెండో ఏటే పందెం కొట్టాడు. ఆలస్యంగా గెలిచినవాటికి గిరాకీ ఉండదట. తండ్రి మొనగాడు. తల్లీ గెలిచిందే. పిల్లల్ని కొనేవాళ్లు తల్లివైపు మరీ ఆరా తీస్తారట. కాళ్లకి దెబ్బల్లేవు, తిక్క లేదు. అన్నిటినీ మించి పేరు పక్కన చూడు, బి.జి.!"

"అంటే?"

"బ్యాంక్ గ్యారంటీ! అది లేందే ఎంత కాంట్రాక్టరునైనా మేం పోర్టు గడప తొక్కనివ్వం. కావాలనే ఆ ముక్క ఉత్తరంలో రాయలేదు. ఎదురుగా చూపించి నోరు మూయిస్తా."

గడ్డి మోపు దించుతున్న జట్కా సూరన్న గొంతు సవరించుకున్నాడు. "బాబూ, గుర్రం సంగతి నానొక మాట సెప్పాల."

"కాగితం ఉందా?"

"నేదు బాబూ. కళ్లతో సూసిందే."

"అయితే నాకొద్దు."

ఫారం మేనేజరు అర్జునరావు రానే వచ్చాడు. కాంతం పెళ్లివారికి పెట్టినట్టు జంతికలు, కాఫీ పెట్టింది. రామయ్య చెప్పిన ప్రతి గొప్పకీ ఆయన తలూపాడు. చివరికి కాగితం అందుకుని చూసేసరికి జంతిక గొంతుకి అడ్డం పడింది. లేచి పాకలోకి వెళ్లి, ఒకసారి వంగి చూసి వచ్చాడు.

"రామయ్యగారూ, బి అంటే బే, దాని ఎర్ర రంగు. జి అంటే గెల్డింగ్, విత్తులు తీయించేశారని. ధ్యాసంతా పరుగు మీదే ఉండాలని చిన్నప్పుడే చేయిస్తారు. తల్లిదండ్రులెంత గొప్పవాళ్లయినా ఈ వంశం ఇక్కడితో సరి."

రామయ్య జీవితంలో మొదటిసారి కాగితం పక్కన పెట్టి, తనూ పాకలోకి వెళ్లి వంగి చూశాడు.

మేనేజరు వెళ్లిపోయాక సూరన్న అన్నాడు: "తొల్రోజే సూసినాను బాబూ. సెప్దామంటే కాగితం అడిగినారు. ఇంకేటి సేత్తారు, నాకిచ్చియ్యండి. జట్కాకి కడతాను."

రామయ్యకి దుఃఖం ముంచుకొచ్చింది. ఇచ్చేద్దామన్నట్టు తలూపబోయాడు.

అంతలో కాంతం నానిన ఉలవల గిన్నెతో వచ్చింది.

"ఎవరికీ ఇవ్వం," అంది. "పిల్లల్లేరని మీరు నన్ను పంపించేశారా?"

ఇరవై ఏళ్లలో ఆ ఇంట్లో ఆ మాట వినపడటం అదే మొదలు. రామయ్య కళ్లు తుడుచుకుని, గిన్నెకి రెండో పక్క తను పట్టుకున్నాడు.