జత కుదరని ఇరుసు

అక్క భర్త, మా బావ మీద నాకు కోపం ఉండేది. ఇప్పటికీ ఉంది. నాన్న పోయిన పదకొండో రోజున, భోజనాలకు కూర్చున్న వాళ్లందరి ముందూ ఆయన, "మామ ఏం మిగిల్చిండు? గా ఇనుప తుక్కు తప్ప" అన్నాడు. తుక్కు అంటే వాకిట్లో నిలబడి ఉన్న నాన్న జీపు. కారేపల్లి చుట్టుపక్కల ఊళ్లకు జనాన్ని తిప్పి, అక్కనూ నన్నూ చదివించిన బండి. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేశాను.

తర్వాత నాకు పశువుల దవాఖానాలో ఉద్యోగం వచ్చింది. భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న గూడేలకు వెళ్లి పశువులకు టీకాలు వేయడం నా పని. వానలు మొదలైతే వాగులు దాటాలి. నాన్న జీపుకు వెనక చక్రాలే లాగుతాయి. బురదలో అవి తిరిగి తిరిగి గుంట తవ్వుకోవడమే కానీ బండి కదిలేది కాదు. ముందు చక్రాలు కూడా లాగేలా మార్పించాలనుకున్నాను. అందుకు ముందువైపు గేర్లున్న ఇరుసు ఒకటి, ఇంజిన్ బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే చిన్న గేర్‌బాక్సు ఒకటి కావాలి. పాత బండ్లు విప్పి అమ్మే చోట రెండూ దొరికాయి. వాటిని బిగించడం తెలిసిన మనిషి మాత్రం మా వైపు ఒక్కడే. మా బావ.

అక్క ఫోన్ చేసి ఇద్దరినీ ఒప్పించింది. ఇరుసునూ గేర్‌బాక్సునూ ట్రాలీలో వేయించుకుని, జీపుతో సహా వాళ్ల ఇంటి పక్కనే ఉన్న ఆయన మెకానిక్ షెడ్డుకు వెళ్లాను. ఆయన నా ముఖం చూడలేదు. ఇరుసు దగ్గర గొంతుకూర్చుని, మూత విప్పి, లోపల వేలు పెట్టి తడిమాడు.

"ఇది నీ బండికి జత కాదు. దీని గేరు పండ్ల లెక్క వేరు, వెనక దాని లెక్క వేరు."

నాన్న బండి పనికిరాదని మళ్లీ అనడానికే ఈ వంక అనుకున్నాను. "బిగిస్తవా, బిగించవా? గది చెప్పు" అన్నాను.

"బిగిస్త."

తొమ్మిది రోజులు పట్టింది. సాయంత్రాలు నేనూ పక్కన ఉండేవాణ్ని. ఆయన పానా అడిగితే చేతికి అందించేవాణ్ని కాదు, నేల మీద పెట్టేవాణ్ని. ఆయన కూడా పని అయ్యాక దాన్ని నేల మీదకే విసిరేవాడు. అక్క టీ తెచ్చి ఒక గ్లాసు షెడ్డు ఈ మూలన, ఇంకోటి ఆ మూలన పెట్టి వెళ్లేది.

పదో రోజు పొద్దున్నే టీకాల ఐసు పెట్టె వెనక పెట్టుకుని బయలుదేరాను. వాగు దగ్గర ముందు చక్రాల లివర్ వేశాను. మోకాలి లోతు బురదలోంచి జీపు మూలుగుతూ అవతలి గట్టెక్కింది. ఒక్కణ్నే గట్టిగా అరిచాను. బావ మాటను ఆయన ముఖం మీదే తిప్పికొట్టినట్టు అనిపించింది.

గట్టు దాటితే సిమెంటు రోడ్డు. లివర్ వెనక్కి లాగితే రాలేదు. కాలితో తన్నినా రాలేదు. స్టీరింగు బిగుసుకుపోయింది, టైర్లు కీచుమంటున్నాయి. అలాగే ఒక కిలోమీటరు నడిపాను. కింద ఏదో పగిలిన చప్పుడైంది. బండి ఆగిపోయింది.

పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచాను. గూడెం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఐసు నీళ్లయింది, ఆ నీళ్లు కూడా వెచ్చబడ్డాయి. ఆ టీకా ఇక పశువులకు వేయకూడదు. జనం పొద్దటి నుంచి పశువులను తాళ్లకు కట్టి, మేతకు వదలకుండా కూర్చున్నారు. విషయం చెప్పాను. ఒక ముసలావిడ లేచి తన రెండు ఆవుల తాళ్లూ విప్పింది.

"సూది లేదా? మరి పొద్దుగాల్నుంచి మమ్మల్ని ఎందుకు నిలబెట్టినవ్ సారూ? నీ బండి సోకు సూద్దామనా?"

పెట్టె మళ్లీ నెత్తిన పెట్టుకుని వెనక్కి నడిచాను.

జీపును ట్రాక్టరుకు కట్టి షెడ్డుకు లాక్కొచ్చాను. దిగుతూనే బావ మీద అరిచాను. "కావాలనే చేసినవ్! నా బండి నాశనం గావాలె, గంతే గదా నీకు?"

బావ లేచి జాకీ తెచ్చాడు. ముందు చక్రం ఒకదాన్ని జాకీతో లేపి, టైరు మీద సుద్దతో గీత గీశాడు. చక్రాన్ని చేత్తో రెండు చుట్లు తిప్పుతూ, దాంతో పాటు కింద తిరిగే రాడ్డును నన్ను చూడమన్నాడు. అది ఐదు చుట్లు దాటి ఇంకా కొంచెం తిరిగింది. తర్వాత వెనక చక్రాన్ని అలాగే తిప్పాడు. ఈసారి వెనక రాడ్డు నాలుగు చుట్లు దాటి కొంచెం తిరిగి ఆగిపోయింది. బురదలో టైరు జారుతుంది కాబట్టి ఆ తేడా తెలియలేదు. గట్టి రోడ్డు మీద జారే వీలు లేక, ముందూ వెనకా ఒకదాన్నొకటి పీక్కుని, లివర్ బిగుసుకుని, మధ్యలో ఉన్న గేరు పగిలింది.

"తెలిసీ ఎట్ల బిగించినవ్?" అన్నాను.

"ఒక్కసారి చెప్పిన. రెండోసారి బతిమిలాడే అవసరం నాకేంది?"

అక్క గుమ్మంలోంచి అంతా విన్నది. "మీ ఇద్దరి పౌరుషం పాడుగాను" అని తలుపు వేసుకుంది.

ముందు ఇరుసుకు సరిపోయే గేర్లు వెతికి వెనక వేయడానికి, పగిలినవి మార్చడానికి మరో పన్నెండు రోజులు పట్టింది. ఈ మధ్యలో బైకు మీద అయినా ఆ గూడేనికి వెళ్లి ఉండాల్సింది. వాగు నిండుగా ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి ఆ ముసలావిడకు ముఖం చూపించలేక వెళ్లలేదు.

జీపు బాగయ్యాక వెళ్లేసరికి ఆమె దొడ్లో ఒక్క ఆవే ఉంది. రెండోది గొంతువాపుతో నాలుగు రోజుల కిందట చచ్చిపోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. ఆ జబ్బుకే నేను పెట్టెలో మోసుకొచ్చిన టీకా. ఆమె మిగిలిన ఆవును పట్టుకుని నిలబడింది, దానికి సూది వేయించింది, లోపలికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

తిరిగి వస్తూ షెడ్డు దగ్గర ఆగాను. ఆవు సంగతి బావకు చెప్పాను. ఆయన చేతిలో పని ఆపాడు.

"గదీ నా మీదనే ఏస్తవా?"

"సగం నీది. సగం నాది."

"పో ఈడికెల్లి" అన్నాడు బావ. నేను వెళ్లిపోయాను.

జీపు ఇప్పుడు ఏ వాగులోనూ ఆగడం లేదు. ఏమైనా పాడైతే ఆయన దగ్గరికే తీసుకెళ్తాను. ఏం పాడైందో నేను చెప్తాను, ఎప్పటికి అవుతుందో ఆయన చెప్తాడు. మా మధ్య అంతకు మించి మాట లేదు.