బాలింత నూనె

మొన్న మా మనవరాలు నా మోకాళ్ళ కోసమని ఒక నూనె సీసా తెచ్చింది. రోజూ పొద్దున్నే ఎవరికి వారే ఒళ్ళంతా రాసుకోవలసిన పద్ధతి దాని మీద చిన్న అక్షరాలతో అచ్చు వేసి ఉంటే, కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, ఇది నాకొకరు నేర్పాలా అని నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

అరవయ్యో దశకం మొదట్లో మాట. బోగోలుకు తూర్పుగా, పగలు కూడా సముద్రపు హోరు వినపడే పల్లెలో మా అత్తవారిల్లు. మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది గనుక తొలి కాన్పుకు వెళ్ళడానికి నాకు పుట్టిల్లంటూ లేకపోయింది. అత్తగారింట్లోనే పురుడు పోసుకున్నాను. ఆడపిల్ల. పుట్టి ఏడవలేదు. మావారు ఆ బిడ్డను గుడ్డలో చుట్టి సరుగుడు తోపుల వైపు తీసుకువెళ్ళి, పూడ్చి వచ్చి, ఒక పూట ఉండి, నాయుడుపేటలో తాను పనిచేసే బియ్యం మిల్లుకు వెళ్ళిపోయారు.

బాలింతకు ఒళ్ళంతా నూనె పట్టించి, కాగులో మరిగిన వేన్నీళ్ళు పోయడానికి మంత్రసాని రావడం మా వైపు ఆనవాయితీ అని నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు. ఆయన వెళ్ళిన మర్నాడు ఆమె వచ్చింది. అత్తగారు వాకిట్లోనే ఆపి, "ఇంక నువ్వు రాబళ్ళేదులేమ్మా" అన్నది. ఆవిడ కఠినురాలేమీ కాదు. బిడ్డ లేని ఇంట్లో ఈ బాలింత వైభోగమేమిటని నలుగురూ అనుకుంటారని బెరుకు. మంత్రసాని మాత్రం నా గది గుమ్మం దాకా వచ్చి, "పచ్చి ఒళ్ళు తల్లీ, గాలి పట్టుద్ది. దినామూ నూనె పూసుకో. ఎవురూ లేకుంటే నువ్వే పూసుకో" అని, నూనె చెంబు గడప లోపల పెట్టి వెళ్ళింది.

అలా మొదలైంది. తెల్లవారి అత్తగారు పాలు పితకడానికి దొడ్లోకి వెళ్ళగానే తలుపు దగ్గరకు వేసి, గోరువెచ్చని నువ్వుల నూనె అరచేతిలో పోసుకుని పాదాలకు, పిక్కలకు రాసుకునేదాన్ని. పొట్ట దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగేది. ఒళ్ళు పిచ్చిది, దానికెవరూ చెప్పలేదు కాబోలు, పక్కింటి పసిబిడ్డ ఏడుపు వినపడితే చాలు రవిక తడిసిపోయేది. భుజాలు, మెడ అయ్యాక వీపు. ఎంత వంగినా నడి వీపు చేతికి అందేది కాదు. చాప మీద వాలితే అక్కడే సలుపు. ఆ ఇంట్లో నాకు అన్నం పెట్టే చెయ్యి ఉంది గానీ నన్ను తాకే చెయ్యి లేదు.

ఒకనాడు అత్తగారు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. నేను గబగబా పైట లాక్కున్నాను. ఆవిడ నా వెనక చతికిలబడి, "అట్టా తిరుగుమ్మే. ఈపంతా ఎండిపోయుండాది" అని, నూనె పోసి మెడ నుంచి నడుము దాకా రుద్దసాగింది. కలుపు తీసి తీసి మొరటుదేలిన ఆ చేతులు వీపు మీద గీరుకుంటూ ఉంటే నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఆపమనలేదు. చాలాసేపటికి, "నీ మొగుడి కన్నా ముందు పుట్టినోడు నాకూ ఒకడు పోయినాడు. మాయత్త నూనె వద్దనింది. నేనూ నీకు అదే చేసినాను సూడు" అన్నది. ఇంకాస్త నూనె అరచేతిలో పోసుకుని, అప్పటిదాకా ఎవరూ అడగని మాట అడిగింది.

"పేరేమన్నా అనుకున్నావా?"

చెప్పాను. ఆవిడ ఆ పేరును ఒక్కసారి మెల్లగా పలికి, వేన్నీళ్ళు తేవడానికి లేచింది. ఆ నెలంతా రోజూ వచ్చి రుద్దింది గానీ, మళ్ళీ ఆ మాట మా ఇద్దరి మధ్యా రాలేదు.

తర్వాత నాకు ఇద్దరు కొడుకులు పుట్టారు. రెండుసార్లూ మంత్రసాని నవ్వుకుంటూ వచ్చింది. ఈ రోజుల్లో ఇలాంటి కష్టం వచ్చిన ఆడపిల్లను ఆసుపత్రిలోనే కూర్చోబెట్టి మాట్లాడిస్తారట, భర్త చెయ్యి పట్టుకుని పక్కనే ఉంటాడట. వింటే మంచిదే అనిపిస్తుంది. మావారు బతికినన్నాళ్ళూ ఆ పిల్ల ఊసెత్తలేదు. ఆయన లోపల ఏముందో నేనూ అడగలేదు. ఆయన పోయారు, అంతకు చాలా ముందే అత్తగారూ పోయింది. ఆ పేరు తెలిసిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఎప్పుడైనా, పైకి పలికి చూసుకుంటాను.