సీట్లు నిండేదాకా

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి చట్రాల్లో బిగించే ఆమెను వీధి వీధంతా అద్దాలక్క అనే పిలిచేది. ఆమెకు తీరని కోరిక ఒక్కటే: భూగర్భశాస్త్రం చదవాలని. పెళ్ళికి ముందు పుట్టిన కోరిక. పిల్లలు చేతికి అందివచ్చినా అది మాత్రం పాతబడలేదు. "రాళ్ళు కొట్టుకోవడానికి చదువెందుకమ్మా, సుత్తి చాలదూ?" అనేవాడు యజమాని. ఆమె నవ్వేసి యంత్రం వైపు తిరిగేది. ఆ తరువాత చాలాసేపటిదాకా ఇటు తిరిగేది కాదు.

ఊళ్ళోని కళాశాల ఆ చదువుకు సీట్లు నిండేదాకా దరఖాస్తులు తీసుకుంటుంది. తేదీ లేదు గనుక తొందర లేదనుకున్నదామె. గడవడంలోంచి పుట్టిన మాట గడువు. తేదీ వేయనంత మాత్రాన కాలం గడవడం మానుతుందా? ఏటా అత్తగారి మోకాలి నొప్పో, పెద్దవాడి పరీక్షలో తీరాక వెళ్ళేది. అప్పటికే సీట్లు నిండిపోయేవి.

ఈ ఏడు ఆమె తోబుట్టువైన అక్క కూతురు తన దరఖాస్తులు పంపుకుందామని వచ్చి, భోజనాల బల్లమీద కంప్యూటరు తెరిచింది. పక్కన చేరిన పిన్నికి అన్నీ విడమరిచింది. కొన్ని కళాశాలలకు ముందుగా పంపితే జవాబూ ముందే వస్తుంది, చేరాలన్న నిర్బంధం మాత్రం ఉండదు. మామూలు గడువుకైతే అందరితోపాటు పంపి, అందరితోపాటు ఎదురుచూడాలి. ఇంకొక రకం ఇచ్చిన మాటలాంటిది: అలా ఒక్క కళాశాలకే పంపాలి, సీటిస్తే మిగతావన్నీ వదులుకుని చేరి తీరాలి.

"మరి సీట్లు నిండేదాకా అంటారే?"

"అది సినిమా టిక్కెట్ల వరసలాంటిది పిన్నీ. కిటికీ మూయలేదంటే టిక్కెట్లున్నాయని కాదు."

పిన్ని కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకున్నది. ఆపైన, పక్క ఊరి కళాశాలలో ఆ మాటిచ్చే రకం ఉందా అని అడిగింది.

"ఉంది, ఎల్లుండే ఆఖరు. కానీ సీటొస్తే వెళ్ళి తీరాలి. మీ అత్తగారి మోకాలంటే కుదరదు."

"కుదరకూడదనే అడుగుతున్నానే."

ఆ సాయంత్రమే పంపారు. జవాబు చలికాలంలో వస్తుంది. ఈలోగా ఒక ఆదివారం ఆమె ఎవరికీ చెప్పకుండా ఆ కళాశాల దాకా వెళ్ళింది. ఎవరికోసమని కాపలాదారు అడిగితే ఊరికే చూసిపోదామని అన్నది. లోపలికి రమ్మన్నాడతను. ఆమె గేటు దాటలేదు. కమ్మీల సందునుంచి, ఒక కిటికీలో వరుసగా పేర్చిన రాళ్ళను ఎండ తిరిగేదాకా చూస్తూ నిలబడింది.