కోసిన కొండ మీద గాలిమరలు

"ఆపా, నాకు జెర భయమైతుంది. ఒక్కసారి వచ్చిపో" అని చెల్లెలు నసీమా ఫోన్ చేసింది. అనంతపురం జిల్లాలో ఒక కొండ మీద గాలిమరలు నిలబెట్టే ఇంజనీరు తను. భయమన్న మాట దాని నోట ఎప్పుడూ వినలేదు. మరునాడు సాయంత్రమే రాంగోపాల్‌పేట్ నుంచి ఆటోలో సికింద్రాబాద్ స్టేషన్‌కు వచ్చి రైలెక్కాను.

తెల్లవారాక ధర్మవరంలో దిగి, ఇడ్లీ తిని, పల్లెవెలుగు బస్సు పట్టుకున్నాను. వెళ్లే చోటు చెప్పగానే పక్కసీటు పెద్దావిడ నావైపు తిరిగింది.

"ఆ కొండకా? రోడ్డుకని కోసినప్పటి నుంచి రాళ్లు దొర్లుతాండాయమ్మా. మేకల్ని ఆ పక్కకు తోలడం మానేసినాం."

బస్సు దిగేసరికి నసీమా జీపుతో నిలబడి ఉంది. పదింటికి కొండ ఎక్కడం మొదలుపెట్టాం. ఒక పక్క లోయ, ఇంకో పక్క నిలువునా కోసిన ఎర్రమట్టి. అందులోంచి చెట్ల వేళ్లు బయటికి వేలాడుతున్నాయి. పైన మూడు మరలు తిరుగుతున్నాయి. శిఖరం దాకా ఇంకా నిలబెట్టాలట.

"ఇంక కోయొద్దని చెప్పరాదే?" అన్నాను.

"ఎట్ల చెప్తా ఆపా? బొగ్గు పొగ కన్నా గిదే నయం. నేను నమ్మిన పని. గానీ కింద ఊరుంది."

అంతలో వాన షురూ అయింది. సగం దారిలో ఉండగా వెనక ఏదో పెద్దగా విరిగిన చప్పుడు. తిరిగి చూస్తే మేం దాటొచ్చిన మలుపు లేదు. మట్టి, రాళ్లు కలిసి లోయలోకి జారుతున్నాయి.

జీపు వదిలేసి, చేతులు పట్టుకుని, మేకల బాట వెంట దిగాం. అడుగు వేసిన చోటల్లా నేల కదులుతున్నట్టే ఉంది. దిగుతూనే నసీమా ఫోన్‌లో అరిచింది: "పై పనంతా బంద్ చేయండి. లారీ ఒక్కటి సుత ఎక్కొద్దు. నా నౌకరీ పోతే పోనీ!"

మట్టి ఊరి పైచేలో ఆగింది. జనమంతా పిల్లల్ని చంకనేసుకుని వానలోనే నిలబడి కొండ వైపు చూస్తున్నారు. ఎవరూ మమ్మల్ని తిట్టలేదు. ఒక ముసలాయన మాత్రం అడిగాడు: "ఇంకా వస్తాదా, తల్లీ?"

నసీమా ఊరి బడిలోకి అందరినీ చేర్చి, తనూ అక్కడే ఉండిపోయింది.

మర్నాడు తిరుగు రైలు కిటికీలోంచి మైదానంలో తిరిగే మరలు కనిపించాయి. అవి తిరగాలనే అనిపించింది. కానీ వాటి కోసం కొండను ఎంతదాకా కోయవచ్చో నాకు తెలియదు. ఆ వైపు వెళ్లేవారు వానలు వెలిశాకే వెళ్లండి.

సికింద్రాబాద్ దగ్గరపడుతుండగా నసీమా ఫోన్ చేసింది.

"పని బంద్ చేసిన్రు, ఆపా. వాన బంద్ కాలే."