గుడియాత్తం ఫైళ్ళలో రెండు

ఎవరైనా పనిచేస్తుంటే పక్కన చేరి చూడడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. మా నాన్న తాపీమేస్త్రి. ఆయన గోడ కడుతుంటే అదెందుకు, ఇదెందుకు అని ప్రాణం తీసేదాన్ని. కంప్యూటర్ చదువు చదివి వేలూరులో ఉద్యోగంలో చేరాక కూడా జబ్బు తగ్గలేదు. పైగా దానికి జీతం ఇవ్వడం మొదలుపెట్టారు.

అవి ఇంటర్నెట్ మా వైపు కొత్తగా వస్తున్న రోజులు. విదేశీ యంత్రాల మాన్యువళ్ళు మా ఆఫీసుకి కాగితాల మీద వచ్చేవి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఉత్తినే టైపు చేస్తే సరిపోదు. ఇది శీర్షిక, ఇది హెచ్చరిక, ఇది ముందు చేయాల్సిన పని, ఇది తర్వాత చేయాల్సిన పని అని ప్రతి ముక్కకీ అటూ ఇటూ గుర్తులు పెట్టాలి. ఒక్క గుర్తు తప్పినా ఫైలు మొత్తం చెల్లదు. ఆ గుర్తుల్ని చూస్తేనే కొత్తవాళ్ళకి కళ్ళు తిరిగేవి. అందుకని వాటినన్నిటినీ లోపల దాచేసి, గడులు మాత్రమే కనిపించే ఒక పేజీ తయారుచేశాను. అధ్యాయం శీర్షికకి ఒక గడి, హెచ్చరికకి ఎర్రంచు గడి, ఒక్కో పనికి ఒక్కో గడి. పక్కనున్న గుడియాత్తం ఊళ్ళో మా టైపువాళ్ళు టెలిఫోన్ లైను మీద ఆ పేజీ తెరిచి నింపితే, గుర్తులతో సహా ఫైలు వేలూరులో నాకు చేరేది. టైపు వస్తే చాలు, ఎవరైనా చేసేయొచ్చని అందరి దగ్గరా గొప్పలు పోయాను.

యంత్రాల కంపెనీకి పంపిన ఫైళ్ళలో మొదటి కట్టే తిరిగొచ్చింది. చాలా అధ్యాయాల పేర్ల ముందు 2 అని ఉంది. అధ్యాయాల నంబర్లు అచ్చువేసేటప్పుడు వాటంతటవే పడతాయి. దాంతో మూడో అధ్యాయం 3 2 అని, నాలుగోది 4 2 అని అచ్చయి కూర్చుంది. మేమంతా ముదలాళి అని పిలిచే మా యజమానికి ఒళ్ళు మండింది. ఆయన గుడియాత్తంలో లుంగీల వ్యాపారం చేసే తెలుగు కుటుంబం మనిషి. తన అంగడి మేడ మీదే కంప్యూటర్లు పెట్టించాడు.

"ఎవురు చేసినారో చూడమ్మా. శనివారంతో ఆ మనిషిని పనిలోనించి నిలిపేస్తాను," అన్నాడు ఫోన్లో.

చూస్తే ఆ ఫైళ్ళన్నీ ఒక్కరివే. అగ్గిపెట్టెల కంపెనీలో పని మానేసి, టైపు నేర్చుకుని మా దగ్గర చేరిన అక్క. మిగతా పనంతా శుభ్రంగా ఉంది. ఎర్ర గడిలో హెచ్చరికే ఉంది, ఏదీ తారుమారు కాలేదు. మరి ఈ రెండేమిటి? ఒకటీ కాదు, మూడూ కాదు, ఎప్పుడూ రెండే ఎందుకు? కీబోర్డు మీట ఇరుక్కుపోతోందేమోనని వేరేది పెట్టించాను. రెండు పోలేదు. తప్పు నా పేజీలోనే ఉందేమోనని రాసిందంతా మొదట్నుంచీ చదివాను. ఏమీ దొరకలేదు. అది నాకు అస్సలు కొరుకుడు పడలేదు. కోపం కన్నా ఆసక్తి ఎక్కువైంది. శనివారం పొద్దున్నే బస్సెక్కాను. దారిలో లత్తేరి ఊరు దాటేదాకా అదే ఆలోచన.

మేడెక్కి అక్క పక్కన కుర్చీ లాక్కున్నాను. "నేను లేననుకుని పని చేసుకో అక్కా," అన్నాను.

ఆమె కొత్త పేజీ తెరిచింది. కొంగు సర్దుకుంది. శీర్షిక గడిలో ముందుగా 2 నొక్కింది. ఒక్క క్షణం తల వంచింది. తర్వాత శీర్షిక కొట్టింది.

"అక్కా, ఆ రెండెందుకు?"

"రెండా? యాడుండాది?" ఆమె నిజంగానే తెరంతా వెతికింది. "ఇదా? ఇది సుళి కదమ్మా!"

నేను నోరెళ్ళబెట్టాను. మా వైపు ఏది రాసినా ముందు కాగితం పైన పిళ్ళయార్ సుళి వేస్తారు. పిళ్ళయార్ అంటే వినాయకుడు. సుళి అంటే తమిళంలో సుడి. రాస్తే తమిళ ఉ అక్షరమే. తోక సాగదీసిన 2 లాగే ఉంటుంది. తమిళం వాళ్ళూ వేస్తారు, తెలుగు మాట్లాడే మేమూ వేస్తాం. సరుకుల చీటీకైనా వేయాల్సిందే. బళ్ళో నేను రాసిన పరీక్ష కాగితాలన్నిటి మీదా అది ఉంది. కీబోర్డు మీద ఆ అక్షరం లేదు కాబట్టి, అక్క దానికి దగ్గరి పోలికను ఎంచుకుంది. పగలబడి నవ్వాను. అంతలో అది శనివారమని గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

సంగతి చెప్పగానే ఆమె మొహం పాలిపోయింది. "ఇంక వెయ్యనమ్మా. అగ్గిపెట్టెలకి మళ్ళా పోలేను. ఆ మందు వాసనకి అన్నం గూడా దిగేది కాదు."

సుళి లేకుండా ఇంకో పేజీ మొదలుపెట్టింది. వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. శీర్షిక కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టింది. "మొదలుపెట్టినట్టే లేదమ్మా," అంది సిగ్గుపడుతూ. అది మొండితనం కాదు. చెప్పుల్తో వంటింట్లోకి వెళ్ళమంటే మనకు కాళ్ళు ఎలా ఆడవో, అలాగ. నాకు చాలా బాధేసింది. ఇన్ని గడులు గీశాను, ఆమె మొదలుపెట్టే చోటు మాత్రం నా పేజీలో లేదు.

అక్కడే కూర్చుని, శీర్షిక పైన చిన్న ఖాళీ గడి ఒకటి కలిపాను. అందులో ఏం కొట్టినా తెర మీద ఉంటుంది, ఫైల్లోకి పోదు.

సాయంత్రం ముదలాళి పైకొచ్చాడు. ఆయన కంప్యూటర్ని ముట్టుకునేది ఆయుధపూజ నాడు పసుపు కుంకుమ పెట్టడానికే.

"ముందు మీరే ఒక శీర్షిక కొట్టి చూడండయ్యా. ఆ తర్వాత ఎవర్ని నిలిపినా సరే," అన్నాను. ఖాళీ గడి సంగతి చెప్పలేదు. అక్క ఆయన కుర్చీ వెనక కొంగు పిడికిట్లో నలుపుతూ నిలబడింది.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. పైన ఖాళీ గడి చూశాడు. వేలు మీటల మీద ఈ చివర్నుంచి ఆ చివరికి తిరిగింది, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఏమ్మా, దీంట్లో సుళి యాడుండాది?"

నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి అక్క చెప్పింది: "రెండు నొక్కండయ్యా."

ఆయన నొక్కాడు. తెర మీద పడిన 2 వైపు చాలాసేపు చూశాడు. మెల్లగా తిరిగి అక్క మొహం చూశాడు. తర్వాత కళ్ళద్దాలు తీసి, లేచి, కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"కూర్చోమ్మా. సోమవారం వచ్చే కట్ట గూడా నువ్వే చెయ్యి."