చలవ అన్న మాట

గల్లాపెట్టె మీద వెలిగించిన దీపం సాక్షిగా, నన్ను కన్నతల్లి మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. నా ఒట్టుకు మా ఊళ్ళో విలువ లేదని తెలుసు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. ఏళ్ళుగా నా గుండెల మీద ఒక బరువుంది. ఒక తల్లి నన్ను చూసిన చూపు అది. చూసింది, అంతే.

కృష్ణపట్నం పోయే రోడ్డు మలుపులో నాదొక కూల్‌డ్రింకుల అంగడి. గూడూరు నిమ్మకాయలతో సోడా కలుపుతాను. సోడా కన్నా నా కోతలకే గిరాకీ ఎక్కువ. రేవు వదిలిన ఓడను ఒక కెప్టెన్ వెనక్కి తిప్పుకొని ఇంకో గ్లాసు నిమ్మసోడా కోసం వచ్చాడని చెబితే, కంపెనీ బస్సు కోసం బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కడుపు పట్టుకొని నవ్వేవాళ్ళు. ఒక్కరూ నమ్మేవాళ్ళు కాదు. నమ్మరన్న ధైర్యంతోనే కదా నేను కోసేది?

సుగుణ నమ్మింది.

సంగం దగ్గరి పల్లె నుంచి మా వీధికి కోడలుగా వచ్చిన పిల్ల. మొగుడు పోర్టులో లారీ తోలతాడు. వాళ్ళ పాపకు అప్పటికి ఏడాది దాటింది. ఆ ఎండాకాలం పాప ఒళ్ళంతా చెమటకాయలు, నెత్తిన సెగ్గడ్డలు. మా వైపు ఎండలకు బిడ్డకు ఏం తాపాలన్నా ముందు అది వేడా, చలవా అని అడుగుతారు. పాలు వేడి చేస్తున్నాయేమోనని సుగుణ భయం. అంగట్లో తోరణంలా వేలాడుతున్న మామిడిరసం ప్యాకెట్లను చూపించి అడిగింది, "అన్నా, ఇది చలవేనా? బిడ్డకు తాపొచ్చా?"

తెలియదంటే సరిపోయేది. అంగన్‌వాడీలో అడగమ్మా అన్నా సరిపోయేది. కానీ బెంచీ నిండా జనం. అందరూ నా నోటివైపే చూస్తున్నారు.

"చలవా అని అడుగుతుండావా మే! ఓడ కెప్టెన్ బిడ్డకు పాలు మాన్పించి ఇదే తాపుతుండారు. ఏడాది బిడ్డ లంగరు తాడు పండ్లతో కొరికి తెంపేసిందంట!"

బెంచీ ఘొల్లుమంది. సుగుణ కూడా నవ్వింది. నవ్వి, ప్యాకెట్టు తీసుకొని పోయింది. లంగరు తాడు అబద్ధమని ఆమెకూ తెలుసు. చలవ అన్నది మాత్రం నిజమనుకుంది.

ఆ తర్వాత రోజూ వచ్చేది. పాలసీసాలో పోసి, పాప నోట్లో పెట్టి, ఉయ్యాల ఊపి నిద్రపుచ్చుతున్నానని ఆమే చెప్పింది. అప్పుడైనా వద్దని చెప్పొచ్చు కదా? చెప్పలేదు. అమ్మకం పోతుందనా? అది కొంత ఉండే ఉంటుంది. అసలు సంగతి వేరు. వద్దని చెప్పాలంటే ముందు చెప్పింది వేళాకోళమని ఒప్పుకోవాలి. ఓడలను వెనక్కి తిప్పిన నోటికి అంత చిన్న మాట రాలేదు.

పాప పాలు ముట్టడం మానేసింది. అన్నం పెడితే ఉమ్మేసేది. ముందరి పళ్ళు గోధుమరంగుకు తిరిగి, నల్లబడి, చిగుళ్ళ దాకా విరిగిపోయాయి. నెల్లూరులో చూపిస్తే డాక్టరమ్మ కోప్పడిందట. సీసాలో తీపి నోట్లో నిలవుండి పళ్ళను తినేసిందని, దాంతోనే కడుపు నిండి తిండి తినక ఒంట్లో రక్తం తగ్గిందని చెప్పిందట. ఈ వయసుకు తాగడానికి పాలు, కాచి చల్లార్చిన నీళ్ళు చాలు, పండు పెట్టాలంటే పండే చిదిమి పెట్టండి, చక్కెర కలిపినవేవీ వద్దు అన్నదట.

ఆసుపత్రి నుంచి సుగుణ అత్త రవణమ్మక్క నేరుగా నా అంగడి ముందే ఆటో ఆపించింది. ఆటో పక్కన పాపను ఎత్తుకొని సుగుణ నిలబడింది. మొదట నా మాట విన్న బెంచీ వాళ్ళలో ఒక్కరూ ఆ వేళ లేరు.

"ఏమబ్బయ్యా, నువ్వు చలవ అంటేనే తాపినా అంటుంది నా కోడలు. అన్నావా, లేదా?"

"నేనెందుకంటానక్కా? పసిబిడ్డకు ఇట్టాంటివి వద్దనే చెప్పినా. ఆ యమ్మ వింటేగా!"

"అట్ట చెప్పు! బిడ్డ పండ్లు పోగొట్టింది కాక, పరాయోళ్ళ మీద అబద్ధాలు పెడతాది."

అప్పుడే సుగుణ నావైపు ఆ చూపు చూసింది.

నా జన్మలో నేనాడిన అన్ని అబద్ధాల్లో, వద్దని చెప్పానన్న ఆ మాటే పొట్టిది. అందులో ఓడ లేదు, కెప్టెన్ లేడు, లంగరు తాడు లేదు. అందుకే నమ్మారు. ఊరంతా కోతలరాయుడని పిలిచే నా మాట నిలిచింది. నిజం చెప్పిన సుగుణకు అబద్ధాలకోరన్న పేరు వచ్చింది. అది నా పేరు. నా పేరు ఆమె నెత్తిన పెట్టాను. ఆ ఇంట్లో ఇప్పటికీ పాపకు అన్నం పెట్టానని సుగుణ చెబితే, అవునా అని పాపను పిలిచి అడుగుతారట.

పోయిన వేసవిలో సుగుణ అంగడి ముందు ఆగింది. పాపకు కొత్త పళ్ళు వచ్చాయి. చేతిలో నీళ్ళ సీసా ఉంది. "పోనీలే అన్నా, అయిందేదో అయింది" అని సుగుణ నిమ్మసోడా అడిగి తాగి పోయింది.

ఒట్టేశాను కదా. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఆ చివరి ముక్క నేను కల్పించాను.

కొత్త పళ్ళు నిజం. నీళ్ళ సీసా నిజం. సుగుణ ఆగలేదు. ఎప్పుడూ ఆగదు. నా అంగడి దగ్గరపడగానే పాప చెయ్యి పట్టుకొని రోడ్డు దాటి, నీడ లేని అవతలి పక్కకు పోతుంది. మలుపు దాటిందాకా ఎండలోనే నడుస్తారు ఇద్దరూ. రవణమ్మక్కకు నేనింకా చెప్పలేదు. చెబుతానో లేదో, ఆ ఒట్టు మాత్రం వేయలేను. ఇక్కడ రాసుకుంటేనే కాస్త ఊపిరి ఆడుతోంది.

అన్నాను. చలవ అని నేనే అన్నాను.