ఎండవైపు సీటు

బత్తలపల్లె దాటాక బస్సులో అందరం నీడవైపు సీట్లలోకి జరిగాం. ఒక పెద్దామె మాత్రం ఎండ పడే కిటికీ దగ్గరే ఉండిపోయింది. ఒళ్లో డ్రిప్పు పైపుల చుట్ట. అరచేయి కిటికీలోంచి బయటికి చాచి, కళ్లు మూసుకుని కూర్చుంది.

"ఇటు రామ్మా, నీడ ఉంది," అన్నాను పక్కకు జరుగుతూ.

"వద్దులేప్పా. చెయ్యి సురుక్కుమంటాండాది. అంటే ఊర్లో మా ఫ్యాన్లు బాగా తిరుగుతాండాయి."

ఆమె పాలీహౌస్‌లో క్యాప్సికం పండిస్తుందట. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయాయి. అది తిరిగి వచ్చేలోపే ప్లాస్టిక్ కప్పు కింద పంటంతా ఉడికిపోయింది. ఆ తర్వాతే ఫ్యాన్లకు సోలార్ పలకలు పెట్టించారు.

"ఆ కాల్చే ఎండ చేతనే ఇప్పుడు ఇసనకర్ర ఇసిరిస్తాండాం," అని నవ్వింది.

కాసేపటికి సూర్యుడికి ఒక మేఘం అడ్డం వచ్చింది. ఈ సీమలో మేఘం కనిపిస్తే ఎవరు ఊరుకుంటారు? బస్సంతా కిటికీల వైపు వంగింది. నేను మాత్రం ఆమె ముఖం చూశాను.

"ఫ్యాన్లు నిదానించినాయి," అంది కళ్లు తెరవకుండానే. "పోనీలే. ఎండ ల్యాకుంటే మొక్కలకూ ఆ గాలితో పని ల్యాదు. అవీ రొంతసేపు పండుకోనీ."

ఆమె ఎక్కడ దిగిందో గుర్తు లేదు. ఇప్పుడు బస్సెక్కితే నేనూ ఎండవైపే కూర్చుంటున్నాను. అరచేయి చురుక్కుమన్నప్పుడల్లా, నేనెన్నడూ చూడని ఆ పాలీహౌస్‌లో ఆకులు కదులుతాయి.